నిమిషానికి ఇరవై నాలుగు మాటలు

ఏమే డెలీనా, ఆ ఫోన్ మీద రెండు బొటనవేళ్లూ అలా పరిగెత్తిస్తున్నావు, నిమిషానికి ఎన్ని మాటలు కొడతావేంటి? నలభయ్యా? సరేలే, నమ్మాను. మా లైల్ ఉంటే మాత్రం నమ్మేవాడు కాదు, గడియారం పెట్టి లెక్కేసేవాడు. లైల్ హెండ్రీ. నీకు తెలీదులే, మీ అమ్మ పెళ్లికి ముందే పోయాడు. ఈ శాన్ హోసేలో పాత కార్ల వేలం వేసేది వాడే. నిమిషానికి రెండు వందల యాభై మాటలు! ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో ఎవరికీ తెలిసేది కాదు. పొద్దున్నే సోఫల్ అనే ఆవిడ డోనట్ల కొట్లో మా ముగ్గురి బల్ల. నేను, లైల్, గస్. లారీ నడిపేవాడు చూడు, ఆ గస్. మా బల్ల దగ్గర ఒకటే పద్ధతి: ఊపిరి కోసం ఆగావా, నీ వంతు పోయినట్టే. పక్కవాడు లాగేసుకుంటాడు. ఎవరి మాటకీ ఎవరూ ఆగరు. అదీ మా మర్యాద.

అలాంటివాడికి గొంతులో పుండు లేచింది. కోసి, స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడకి ఆనించుకుంటే బుయ్యిమని మాట్లాడే మిషనొకటి ఇచ్చారు. రెండు రోజులు పెట్టి చూశాడు. 'గొంతులో కందిరీగ దూరినట్టుంది' అని కాగితం మీద రాసి, దాన్ని సొరుగులో పడేశాడు. అప్పుడు వాళ్లమ్మాయి ఒక ఆర్గనైజర్ కొనిచ్చింది. ఏమిటంటే... ఫోన్ కాదే, నంబర్లూ పనులూ రాసుకునే యంత్రం, అరచేతిలో పడుతుంది. ప్లాస్టిక్ పుల్లతో కింద చిన్న గడిలో గీస్తే పైన అక్షరం పడుతుంది. అయితే మన రాత దానికి పనికిరాదు. ఒక్కో అక్షరానికి ఒకటే గీత, పుల్ల ఎత్తకూడదు. A అంటే మధ్య అడ్డగీత లేని గుడారం. అక్షరం మీదే అక్షరం, అదే గడిలో. అరవై రెండేళ్ల వయసులో మళ్లీ ఓనమాలు!

మొదటి రోజు సోఫల్ డోనట్లు వేయించే టైమరు తెచ్చి ఒక నిమిషానికి తిప్పింది. గంట మోగింది. ఆరు మాటలు. "లైలన్నా, ఇంతసేపు నూనెలో ఉంటే నా డోనట్ మాడిపోతుంది" అంది. నవ్వాడులే. కానీ వాణ్ణి తినేసింది అది కాదు. వాడు పుల్ల తీయగానే మేం ఆగిపోయేవాళ్లం. గస్ కూడా. కప్పు కింద పెట్టేసి, చర్చిలో కూర్చున్నట్టు చేతులు కట్టుకుని... వాడు గీస్తూ ఉంటే చూస్తూ కూర్చునేవాళ్లం. మేం జాలి అనుకోలేదమ్మా, మర్యాద అనుకున్నాం. వాడు ఒకరోజు రాసి చూపించాడు: 'ఆగకండి. మీరు ఆగితే నేను చచ్చినట్టే ఉంది.' ఆ ఒక్కటి రాయడానికే నిమిషం పట్టింది. మేం ఆగే ఉన్నాం.

ఇక పట్టుబట్టాడు. కారులో, బాత్రూములో, తొడ మీద వేలితో కూడా గీసుకునేవాడు. నెల తిరిగేసరికి నిమిషానికి పదకొండు మాటలు. దాంట్లో ఇంకో కిటుకుంది, ఒక ముడి గీసి ఒక అక్షరం రాస్తే, ముందే దాచిపెట్టుకున్న వాక్యం మొత్తం వచ్చి పడుతుంది. ముడి గీసి G రాస్తే 'గస్, పోయిన వారం ఇంకోలా చెప్పావురా' అని వచ్చేది! రెండు రోజులు పగలబడి నవ్వాం. మూడోరోజు గస్ అన్నాడు, "ఒరేయ్, ఇది నువ్వు ఇప్పుడు అన్నది కాదు, ఇంటి దగ్గర వండుకొచ్చింది." లైల్ ముఖం మాడిపోయింది. ఆ దాచిన వాక్యాలన్నీ అక్కడే, మా ఎదురుగానే చెరిపేశాడు. నేను గస్ కాలు తొక్కాను కూడా. ఇప్పుడు ఆలోచిస్తే, వాణ్ణి మనిషిలా చూసింది ఆ వెధవొక్కడే.

తర్వాత పధ్నాలుగు దగ్గర ఆగిపోయాడు. నెలన్నర, కదలదు. నేనే పక్కన కూర్చుని గమనించాను. అక్షరం తప్పు పడగానే వెనక్కి గీసి చెరిపేస్తున్నాడు, మళ్లీ రాస్తున్నాడు. "లైల్, వేలంలో నాలుక తడబడితే వెనక్కి వెళ్లేవాడివా?" అన్నాను. పుల్ల పట్టుకుని నా వంక అలా చూశాడు. అంతే. ఆ రోజు నుంచి తప్పులు దిద్దడం మానేశాడు, తెర వంక చూడ్డమే మానేశాడు. తప్పుల తడకే, అయినా మాకు అర్థమయ్యేది. ముప్పయ్యేళ్లు వాడి వేలం అర్థం చేసుకున్నవాళ్లం కదా! పద్దెనిమిది. ఇరవై ఒకటి. సోఫల్ టైమరు పట్టుకుని ఇరవై నాలుగు అని అరిచిన రోజు అందరికీ ఊరికే డోనట్లు.

ఆ వారమే. గస్ తన చేప కథ మొదలెట్టాడు, తాహో సరస్సులో పట్టిన చేప. "పద్దెనిమిది పౌన్లు! ఇంత తోక! నేనేమో గాలం ఇలా..." అంటున్నాడు, ఇంకా గాలం పైకి ఎత్తనే లేదు, వాడి ముక్కు కిందకి యంత్రం జారి వచ్చింది. 'చచ్చాక కూడా పెరుగుతోందేంట్రా అది, పోయిన నెల పన్నెండే కదా?' గస్‌కి ఒళ్లు మండిపోయి బల్ల మీద గుద్దాడు. "నన్ను చెప్పనివ్వవేంట్రా! నోర్ముయ్!"

నోర్ముయ్! లైల్‌తో! సోఫల్ చేతిలో పట్టకారు ఆగిపోయింది. నేను గస్ వంక చూడలేకపోయాను. లైల్ మాత్రం... చప్పుడు లేదు కదా వాడి నవ్వుకి, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్లమ్మట నీళ్లు. గొంతు పోయిన దగ్గర్నుంచీ వాణ్ణి ఎవరూ నోర్ముయ్ అన్లేదు. పుల్ల పడేసి గస్ చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. గస్‌కి అప్పటిగ్గానీ అర్థం కాలేదు. ఆ తర్వాత ఎవరం ఆగలేదు. ఏడాది బతికాడు, ఏడాదీ కొట్లాటే.

వాడు పోయాక ఆ యంత్రం... దాన్ని వాళ్లమ్మాయి... అదేంటి... ఆ... బ్యాటరీలు...

చూశావా, పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ నాకిలా మాటలు దొరకవు. నువ్వేమో ఫోన్ పక్కన పెట్టేసి, చేతులు కట్టుకుని కూర్చున్నావు. అలా కూర్చోకే. నా కోసం ఆగకు. ఏదో ఒకటి అను, మధ్యలో దూరు.