కిలోల్లో ప్రజాభిప్రాయం

ఆ కుట్టుమిషన్ అంత గట్టిగా తొక్కకు బావా, అది తిట్టేనని నాకు అర్థమవుతోంది. నినాదాలిచ్చి ఇచ్చి గొంతు పోగొట్టుకున్నావు, పది రోజులు నోరు తెరవొద్దన్నాడు డాక్టరు. తెరవకు. పెళ్లయిన ఏడేళ్లలో మా అక్క ఇంత ప్రశాంతంగా ఎప్పుడైనా ఉందా? సరే సరే, కత్తెర కింద పెట్టు. మరదల్ని, ఆ మాత్రం అనొద్దూ?

అయినా నా ఏడుపు వేరే ఉంది. మా ఆఫీసులో పెట్టిన ఆ అధ్యయన సంఘం మీద నీకేనా కోపం? నాకుంది చూడు, నెత్తికెక్కి కూర్చుంది! మన నాలుగు జిల్లాలూ విడిపోయి వేరే రాష్ట్రం కావాలా వద్దా తేల్చమని వాళ్లకి అప్పగించారు కదా. ఏం తేల్చారనుకున్నావు? ఫ్యాన్ కింద ఎవరు కూర్చోవాలో తేల్చుకోవడానికే నెల పట్టింది.

తర్వాత జనాన్ని ఉత్తరాలు రాయమన్నారు. విడిపోదామనేవాళ్లకో కౌంటరు, కలిసుందామనేవాళ్లకో కౌంటరు. మూడు నెలల్లో హాలు నిండా గోనెసంచులు! చదవడానికి ఎంతమందిమి? ఆరుగురం. అందులో ఒకాయనకి కళ్లజోడు పోయింది, ఇంకొకాయన ఏది చదివినా ఆవలిస్తాడు.

తొమ్మిది రోజులు చదివితే అయినవి రెండు సంచులు. ఒకావిడ రాసింది కదా, "విడిపోతారో కలిసుంటారో మీ ఇష్టం నాయనా, మా మలుపు దగ్గర మాత్రం బస్సు ఆపించండి" అని. ఇది ఏ కౌంటరుదంటావు బావా? నువ్వే చెప్పు. అదిగో, నవ్వావు. నవ్వకు, దగ్గొస్తుంది.

రేపు సోమవారం నివేదిక ఇచ్చెయ్యాలి. మిగతా సంచులన్నీ ఎప్పుడు చదివారంటావా?

చదవలేదు. తూచారు.

అలా చూడకు. తూచారనే అన్నాను. ఏదో గోదాము నుంచి పెద్ద కాటా తెప్పించి, సంచులెక్కించి, ముల్లు చూసి రాసుకున్నారు. కలిసుందామనేవాళ్లవి పదకొండు క్వింటాళ్లు, విడిపోదామనే మనవాళ్లవి మూడున్నర. ప్రజలు కలిసుండాలనే కోరుకుంటున్నారట. అయిపోయింది!

వాళ్లు పంపినవేమిటి మరి? అట్టలు కట్టిన ఫైళ్లు, లోపల రంగు ఫొటోలు. ఒక సంఘం వాళ్లయితే వినతిపత్రాన్ని చెక్క ఫ్రేములో పెట్టి, అద్దం బిగించి మరీ పంపారు. అదొక్కటే ఆరు కిలోలు తూగింది! మనవేమో పోస్టుకార్డులు. "నాలుగు ముక్కలు సూటిగా రాయండి, కార్డు చాలు" అని ఊరూరా తిరిగి చెప్పిందెవరు? నీ దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది, గుడ్డ వృథా కాకూడదు! ఆ ఫ్రేముకి సరితూగాలంటే మన కార్డులు రెండు వేలు కావాలి. రెండు వేల మంది బావా, ఒక్క అద్దం ముక్కకి! ఆ కార్డుల్లో సగం నీ భుజం మీద మోసుకొచ్చినవే కదా.

మిషన్ ఆపేశావేం?

సుద్దముక్కతో ఏమిటా రాత? పాడు, ఎవరి చొక్కా గుడ్డో అది! ఏదీ, చూడనీ... "ఎవడా బుర్ర తక్కువ వెధవ?"

వెధవే ఎందుకవ్వాలి? ఆడపిల్లకి బుర్ర తక్కువ ఉండకూడదా?

అబ్బ, అలా చూస్తే ఎలా చెప్పను! అటు తిరుగు. ఆ బొత్తాల డబ్బా వంక చూడు, చెప్తాను.

పదో రోజు మధ్యాహ్నం. దుమ్ముకి అందరం తుమ్ముతున్నాం. మా అధికారి వచ్చి, గడువు ముంచుకొచ్చేసిందని తల పట్టుకున్నాడు. నా నోరు ఊరుకుంటుందా? "ఏముంది సార్, పాత పేపర్లవాడిలా తూచేస్తే పోలా!" అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. ఆయన నవ్వలేదు. మర్నాటికల్లా కాటా దిగింది.

అప్పుడైనా "సార్, వేళాకోళానికన్నాను" అనాల్సింది. అందామనే లేచాను, అక్క మీదొట్టు. సరిగ్గా అప్పుడే సంఘం అధ్యక్షుడొచ్చాడు, రిటైరైన జడ్జిగారు. కాటా చుట్టూ ఓసారి తిరిగి, "ఈ పద్ధతి ఎవరికి తట్టింది?" అన్నాడు. అందరూ నా వంక చూశారు.

నాలుగేళ్లుగా ఆ ఆఫీసులో తాత్కాలిక గుమాస్తాని బావా. "ఏయ్ అమ్మాయ్, మంచినీళ్లు", "ఏయ్ అమ్మాయ్, ఆ తలుపెయ్". అంతే, నాకో పేరుందని ఎవరికీ పట్టలేదు. అంతటి పెద్దాయన నా ముందుకొచ్చి నిలబడి, "చాలా శాస్త్రీయంగా ఉంది. నివేదికలో మీ పేరు వెయ్యాలి. పేరేమిటమ్మా మీది?" అన్నాడు. మీది, అన్నాడు!

రేపు పదింటికి నివేదిక బయటికొస్తుంది. నలభై ఒకటో పేజీ. నువ్వెలాగూ మీవాళ్లందరితో మా ఆఫీసు గేటు దగ్గరే ఉంటావు, వాళ్ల మధ్య నిలబడి చదువుతావు. అంతకంటే ముందు నా నోటినుంచే వినాలని ఆదివారం పూట పరిగెత్తుకొచ్చాను.

జడ్జిగారికి నా పేరు చెప్పాను బావా. ఇంటిపేరుతో సహా చెప్పాను. ఆయనకి సరిగ్గా వినపడిందో లేదోనని, రెండోసారి కూడా చెప్పాను.