గురునాథరావు రక్తంలో కొండ

సెక్టర్ 7లో పైడమ్మ టీ బడ్డీ దగ్గర గురునాథరావు బెంచీ మధ్యలో కూర్చున్నాడంటే మిగతావాళ్లు ఇక వినాలి. ప్లాంటు లేబొరేటరీలో ముప్పై నాలుగేళ్లు ఉక్కు పరీక్షించి రిటైరైన మనిషి. ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ. రేపు మొదటి మందు ఎక్కిస్తారు. పోయిన వారం పరీక్షకి ఆయన రక్తం తీసుకెళ్లిన ఆస్పత్రి అమ్మాయి సుచిత్ర ఐసుపెట్టె పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి ఏదో చెప్పబోతే, "కథయ్యాక చెప్పు తల్లీ" అని కూర్చోబెట్టాడు.

"నేను చేసింది పెద్ద పనేం కాదు బంగార్రాజూ, ఒక గొట్టం రక్తం ఇచ్చాను, అంతే. మందుకి ముందు రక్తం, మందు తర్వాత రక్తం పోల్చి, ఒంట్లో రోగంతో పోరాడే కణాలు ఎలా మారాయో చూస్తారట రాయపూర్‌లో. ఎలా చూస్తారో తెలుసా? ఒక్కో రకం కణానికి ఒక్కో లోహపు బిళ్ల కడతారు."

"మా స్టేషన్ కూలీలకి కట్టినట్టా?" అన్నాడు బంగార్రాజు. రైల్వేలో గార్డుగా చేసినవాడు.

"అలాగే. తర్వాత ఒక్కొక్కటే మిషన్లో ఆర్గాన్ గ్యాసు మంటలోకి. కణం మాడిపోద్ది, లోహం బయటపడుద్ది, దాన్ని బట్టి ఏ కణమో చెప్తారు. ఇదే పని కదా భయ్యా నేను చేసింది, రక్తం బదులు ఉక్కుతో. సరే, నా గొట్టం పెట్టగానే ఏటైందో తెలుసా? తెర మీద గీత కొండలా లేచిందట, నిన్న ఆస్పత్రిలో చెప్పుకుంటుంటే విన్నాను. తెర చాలక గోడ మీదికి పాకింది. ఇంత లోహం మనిషి రక్తంలో చూళ్లేదట. ఎందుకుండదు, ఫర్నేసు గాలి పీల్చిన రక్తం. కణాలన్నీ షిఫ్టు గేటు దగ్గర నిలబడ్డట్టు వరసకట్టి 'నమస్తే రావు సాబ్' అన్నాయి. మిషను ఆపినా మంట ఆరలేదు. ఆ వేడికి రాయపూర్‌లో ఆ పూట ఎవరూ పొయ్యి వెలిగించలేదు, కిటికీలో పెట్టిన బియ్యం ఉడికిపోయాయి."

"మా బియ్యం కూడా పంపాల్సింది," అంది పైడమ్మ.

"ఆఖరికి గడ్డలోంచి ఒక కణం చేతులు కట్టుకుని వచ్చి, అయ్యా, మీ దగ్గర డ్యూటీ మావల్ల కాదు, వీఆర్ఎస్ ఇప్పించండి అంది. అంతా హనుమంతుడి దయ. సుచిత్ర అటు తిరగ్గానే గొట్టం మూతకి స్వామి సిందూరం పెట్టాను. విశ్వకర్మ పూజకి బొట్టు పెట్టని మిషను మన ప్లాంటులో ఉందా?"

సుచిత్ర టీ గ్లాసు కింద పెట్టింది.

"ఆ కొండ సీసం, తాతగారూ. సిందూరంలో ఉంటుంది. మూత తీస్తుంటే పొడి లోపల పడింది. మీ కణాలు ఒక్కటీ కనబడలేదట. రెండు రోజులు మిషను కడుక్కున్నారు."

"మరి నమస్తే అన్నదేటి?" అన్నాడు బంగార్రాజు.

గురునాథరావు సుచిత్ర వైపు తిరిగాడు. "రేపటి మందు ఆపేస్తారా అమ్మా?"

"మందు ఆగదు. కానీ ముందటి రక్తం లేకపోతే ఆ పరిశోధనలోంచి మీ పేరు తీసేస్తారు. పదకొండుకి రాయపూర్ బండి వెళ్తుంది. ఇప్పుడే వస్తే ఇంకో గొట్టం తీస్తాను."

ఆయన లేచి, నుదుటి సిందూరం అరచేత్తో తుడుచుకోబోయాడు. సుచిత్ర ఆ చెయ్యి పట్టుకుంది.

"నుదుట ఉండనివ్వండి. చేతులు మాత్రం కడుక్కోండి."

పైడమ్మ మగ్గుతో నీళ్లు పోసింది. గురునాథరావు గోళ్ల సందుల్లో కూడా రుద్దుకున్నాడు.