చేపల కాపురం నిలబెట్టిన వైనం

“చేపల కాపురం చక్కదిద్దడం అంటే మాటలనుకున్నారా? ఇరవై ఏళ్లు కత్తెర పట్టిన చెయ్యి కాబట్టి వణక్కుండా నెట్టుకొచ్చింది,” అని మొదలుపెట్టాడు సెలూన్ ఆయన, టీ కొట్టు ముందు గ్లాసు అందుకుంటూ. బెంచీ మీద ఆయన పక్కన బావమరిది టైలరు, ఎదురుగా ఎలక్ట్రీషియన్.

“మా ఆవిడకి కాలి ఆపరేషనై నలభై రోజులు. నడవమ్మా అని డాక్టరు మొత్తుకుంటాడు, ఈవిడేమో పడిపోతానన్న భయంతో మంచం దిగదు. కాస్త పొద్దుపోతుందని ఇదిగో, మా బావమరిది, వీడికి పుణ్యముంటుంది, రెండు క్లౌన్ చేపలు తెచ్చి తొట్టి మంచం పక్కనే పెట్టాడు. నారింజ రంగు ఒళ్లు, తెల్ల పట్టీలు, చూడముచ్చటైన జంట. పెద్దది పెళ్లాం, చిన్నది మొగుడు. నాలుగు రోజులు బానే ఉన్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెళ్లాం మొగుణ్ని తరమడం మొదలెట్టింది! తోక కొరికేసింది, రెక్క చింపేసింది, వాడు పోయి మూల నక్కాడు. మా ఆవిడ తిండి మానేసి, ‘వాడు చచ్చిపోతే నేనింక లేవనండీ’ అని ఒకటే ఏడుపు. నా గుండె జారిపోయిందనుకోండి.”

“మరేం చేశావన్నా?” అన్నాడు ఎలక్ట్రీషియన్.

“చెయ్యి పెట్టాను నీళ్లలో. కసుక్కున కొరికింది. నేను లెక్కచేస్తానా? అది నా వేలు పట్టుకుని లాగింది చూడు, మోచెయ్యి పోయింది, భుజం పోయింది, ఆఖరికి మొత్తం మనిషినే తొట్టిలోకి దిగిపోయాను!”

“ఆ తొట్టి ఎంతుంటుందేమిటి?”

“మూరెడు. మనిషన్నాక సర్దుకోవాలయ్యా! అడుగున బాసింపట్టు వేసుక్కూర్చుని రెండు గంటలు పంచాయితీ చేశాను.”

“మరి ఊపిరో?”

“మాటల్లో పడి మర్చిపోయాను. రాళ్లన్నీ అటూ ఇటూ మార్చి, ‘ఈ ఇల్లు నీ ఒక్కదానిదే కాదమ్మా, ఇద్దరిదీ’ అన్నాను. అది వలవలా ఏడ్చింది. ఆ కన్నీళ్లకి తొట్టి పొంగి, గది నిండి, నీళ్లు వీధిలో పడి బండ్లు ఆగిపోయాయి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కబురు సముద్రం దాకా పాకి, పొద్దున్నే తిమింగలం వాళ్లావిడ ఫోను. ‘అన్నయ్యగారూ, మా ఆయన వారం నుంచి మాట్లాడట్లేదు, ఒక్కసారొచ్చి మందలించండి’ అని. దుకాణం వదిలి రాలేనమ్మా అన్నాను.”

టీ కొట్టాయన నవ్వాపుకోలేక పాలు పొంగించేశాడు.

“బావా,” అన్నాడు టైలరు, “ఆ రోజు గుమ్మంలో నేనున్నాను. నీ చెయ్యి మణికట్టు దాకా కూడా తడవలేదు. అది కొరకగానే ‘అమ్మో’ అని అరిచి స్టూలెక్కావు. మా అక్క నిన్ను చూసింది, చేపని చూసింది, దుప్పటి విసిరికొట్టి, గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, చిల్లుల ప్లాస్టిక్ బుట్టతో ఆ గయ్యాళిని పట్టేసింది. మూడు రోజులు దాన్ని ఆ బుట్టలోనే ఉంచి తొట్టిలో వేలాడదీసింది. ఆ చోటంతా నాదేనన్న పొగరు దిగాలని రాళ్లు మార్చింది కూడా తనే. వదిలాక అది మొగుడి జోలికి పోతే ఒట్టు.”

బెంచీ అంతా గొల్లుమంది. సెలూన్ ఆయన మాత్రం నవ్వలేదు, భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

“నిజమేరా, హడలిపోయాను. అన్నాళ్లు కాళ్లావేళ్లా పడితే లేవని మనిషి, నేను స్టూలెక్కేసరికి లేచింది. ఇవాళ వీధి గుమ్మం దాకా నడిచొచ్చి నన్ను సాగనంపింది. ఆ చేపకి దండం, తెచ్చిన నీకు దండం. నాకే గనక ధైర్యం ఉండుంటే, మీ అక్క ఇంకా ఆ మంచం మీదే ఉండేదిరా.”