ఒక్క అక్షరం మింగని చదువరి

డాక్టరు చదువరిగారిని మాట్లాడొద్దన్నాడు. ఆ సంగతి అందరికీ చెప్పడానికే ఆయనకు ఆ సాయంత్రం అరగంట పట్టింది.

కుట్టు ఫ్యాక్టరీ ఎదురుగా ఉన్న టీ కొట్టు అది. బల్లల మీద చోటు చాలక కొందరు సైకిళ్లకు ఆనుకుని నిలబడ్డారు. ఫ్యాక్టరీ పైఅంతస్తులో చేతికుట్టు గది ఉంది. అక్కడ మిషన్లుండవు. బొత్తాలు కుట్టేవాళ్లు, అంచులు మడిచేవాళ్లు సూదీ దారం పట్టుకుని కూర్చుంటారు. చేతులకు పనున్నా చెవులు ఖాళీయే కాబట్టి, తలా కాస్త డబ్బు వేసుకుని ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి పుస్తకాలు చదివించుకోవడం ఆ గదిలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఆ మనిషే చదువరి. ఇన్నేళ్లూ కుర్చీ ఈయనదే. గొంతు బొంగురుపోయి ఇక లేవనంది కాబట్టి, రేపటి నుంచి ఆయన మేనకోడలు కూర్చుంటుంది.

ఆ అమ్మాయి బల్ల చివర, ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చుంది. దేశదేశాలు పిలిచి పెద్ద బహుమతులిచ్చిన విదేశీ రచయిత పుస్తకానికి తెలుగు అనువాదం. రేవులో మూటలు మోసే ఒక తల్లి, ఆమె కొడుకు, వాళ్ల కథ. చిన్నప్పుడు మావయ్య ఈ కథ చెబితేగానీ ఆమె నిద్రపోయేది కాదు. ఆయన చెప్పిన కథలో పిల్లాడు జ్వరం నుంచి లేచి, బడికి వెళ్లి, పెద్దయ్యాక ఓడ నడుపుతాడు. తను పట్టుబట్టి చదువుకున్నది ఆ పిల్లాణ్ని చూసే. తీరా పోయిన వారం సొంతంగా చదివితే, పిల్లాడు ఆ జ్వరంలోనే పోయాడు. బడీ లేదు, ఓడా లేదు.

అప్పటినుంచి ఆమెకు మావయ్య మీద లోపల్లోపల కోపంగా ఉంది. ఉన్నది చదివితే ఆయన అందరి ముందూ అబద్ధాలకోరు అవుతాడు. ఆయన చెప్పినట్టు చదివితే తన పని అబద్ధంతో మొదలవుతుంది. పోనీ వేరే పుస్తకం తీసుకుందామంటే, గదిలో వాళ్లు మొదట ఇదే కావాలన్నారు.

"ఎక్కడున్నాం? ఆ, ఈ పుస్తకం దగ్గర," అన్నాడు చదువరి, బొంగురు గొంతుతోనే. "గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదని మీకు తెలుసు."

కటింగ్ మాస్టరు దగ్గాడు. ఆయన్ని అందరూ కత్తెర అంటారు.

"మొదటిరోజు మామూలుగానే చదివాను, ఏముంది, కానీ సాయంత్రానికి చూస్తే గదిలో ఒక్కరి దారం తెగలేదు, ఒక్కరి వేలికి సూది గుచ్చుకోలేదు. మర్నాడు కింద మిషన్లవాళ్లంతా వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. చప్పుడు ఆగిందేమిటని యజమాని మండిపడుతూ పైకొచ్చాడు, వచ్చినవాడు వచ్చినట్టే గుడ్డల మూట మీద కూలబడ్డాడు, కళ్లు తుడుచుకోవడానికి రుమాలు దొరక్క ఎగుమతికి పెట్టిన చొక్కా ఒకటి పాడుచేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"జీతాలు పెంచాడా?" అన్నాడు కత్తెర.

"అంత గొప్ప పుస్తకం ఇంకా ఎవరూ రాయలేదు. కిటికీ కింద బస్సాగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు, దిగాల్సినవాళ్లు దిగలేదు, దాని వెనక ఇంకో బస్సు, ఆ వెనక లారీలు, ట్రాఫిక్ పోలీసు ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు. ఆ పూట ఊరు ఊరంతా కదల్లేదు. ఊరాగిపోతే కబురు ఆగుతుందా? వెళ్లి ఆ రచయిత చెవిన పడింది. మహానుభావుడు, రాజుగారి విందు సగంలో వదిలేసి విమానమెక్కాడు."

"ఆయనకు మన భాష రాదుగా?" అన్నాడు టీ కొట్టాయన.

"గొంతుకు భాషేమిటయ్యా? టోపీ తీసి చేతిలో పట్టుకుని, గుమ్మం దగ్గర నిలబడి సాంతం విన్నాడు. నేను పుస్తకం మూయగానే వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అయ్యా, రాసింది నేనే, అయినా నాకే కొత్తగా ఉంది, అన్నాడు. తన పతకం తీసి నా మెడలో వేయబోయాడు. మెడ మీద బరువుంటే గొంతు లేవదండీ, మీ దగ్గరే ఉంచండి అన్నాను. లోకమంతా ఆయన్ని చదివి స్ఫూర్తి పొందితే, ఆయన నన్ను విని పొందాడు. ఎందుకంటారు? నేను ఒక్క అక్షరం మింగను. రాసింది రాసినట్టు, కామా కూడా జారిపోనివ్వను."

మేనకోడలు జ్వరం పేజీ దగ్గర పుస్తకం తెరిచింది. ఇక దాచడం తనవల్ల కాదనిపించింది. మావయ్యా అని పిలవబోయింది.

ఆమె పక్కన కూర్చున్న బొత్తాలక్క అంతకుముందే నోరు విప్పింది. చేతికుట్టు గదిలో అందరికంటే పాత మనిషి ఆమె.

"కొత్తగా ఉండదా మరి, అన్నా," అంది బొత్తాలక్క. "ఆయన చంపిన పిల్లాణ్ని నువ్వు బతికించావు."

చదువరి చేతిలోని గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"కిందటేడు మా చిన్నదాని చేత చదివించుకున్నాను. జ్వరంలోనే పోతాడు వాడు. నువ్వు ఆ అధ్యాయం మొత్తం మింగేసి, ఇంకో పుస్తకానికి సరిపడా అల్లుకుపోయావు." ఆమె గొంతులో కోపం లేదు. "నువ్వది చదివిన రోజుల్లో మా పిల్లాడు ఆస్పత్రిలో ఉన్నాడు. నీకు తెలుసు."

"తెలుసమ్మా," అన్నాడు చదువరి.

"వాడు దక్కలేదు. మళ్లీ నేను పనికొచ్చిన రోజున, నీ పుస్తకంలో పిల్లాడు బడికి బయలుదేరాడు. ఇంట్లోనే ఉండిపోయుంటే ఏమైపోయేదాన్నో. వాడు ఆ రోజు ఏం చదివాడో, ఎవరితో కొట్లాడాడో వినడానికే రోజూ ఆ మెట్లెక్కాను. ఓడ ఎక్కేదాకా వాణ్ని నేనే పెంచుకున్నాను."

కత్తెర తల దించుకున్నాడు. మేనకోడలికి ఏడుపొచ్చింది. వారం రోజులుగా మోస్తున్న కోపం తలుచుకుంటే ఆమెకే సిగ్గేసింది.

"అక్కా, మరి రేపు ఎట్లా చదవమంటావు?" అని అడిగింది.

"ఈ పుస్తకమే కావాలని అందరిచేతా అనిపించింది నేనే. ఉన్నది ఉన్నట్టు చదువమ్మా. పుస్తకంలో ఆ తల్లి తన బిడ్డకోసం ఏడవాలి కదా, ఇంకా ఎన్నాళ్లని ఆపుతాం? ఆ పేజీ వచ్చినప్పుడు సూదులు పక్కన పెట్టి వింటాం."

చదువరి కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "రేపు నేనూ వచ్చి మీ పక్కన కూర్చోనా?" అన్నాడు చివరికి.

"వచ్చి వింటావా, మధ్యలో అందుకుంటావా?" అన్నాడు కత్తెర. ఆ మాటలో ఎకసెక్కం లేదు.

"వింటాను," అన్నాడు చదువరి. ఆ పైన ఇంకేమీ అనలేదు. డాక్టరు చెప్పింది ఇప్పటికి తలకెక్కినట్టుందని టీ కొట్టాయన అనుకున్నాడు.