తిరగేసి గీసిన దారి

ఏమిటే ఆ సంచి, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతున్నావా? ఓహో, కోట దగ్గర్నుంచి సముద్రం దాకా నడకా. ఎనిమిది మందా. నేనూ నడిచానమ్మలూ ఆ దారిన, అప్పుడు నీ వయసే నాకు. కూర్చో, నీ వాళ్ళొచ్చాక వెళ్దువుగాని. మా బావ తీసుకెళ్ళాడు మమ్మల్ని. మా అక్క మొగుడు. నువ్వు చూళ్ళేదులే, మీ నాన్న పుట్టకముందే పోయాడు. మహా మొండి మనిషి. నన్ను చెవి పట్టుకుని ప్రెస్సులో పడేసింది ఆయనే, లేకపోతే నేను ఊరి మీద బలాదూర్ తిరుగుతుండేవాణ్ణి.

ప్రెస్సు అంటే కోటగోడని ఆనుకుని ఉండేది. ఆ గోడ చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవాళ్ళు, మేం దాని మీద మసి గుడ్డలు ఆరేసుకునేవాళ్ళం. బావది కంపోజింగు. సీసం అక్షరాలు ఒక్కోటే ఏరి వరసగా పేర్చాలి. అవన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి, కాగితం మీద అచ్చు పడితేనే తిన్నగా వస్తాయి. ముప్ఫై ఏళ్ళు అదే పని. పేపరు చేతికిస్తే "ఇదేంట్రా, ఎడ్డెంగా ఉంది" అనేవాడు. నాకూ అలవాటైందిలే తిరగబడింది చదవడం, మిషను దగ్గర ఉండేవాణ్ణి కదా.

ఏం చెప్తున్నాను? ఆ, కళ్ళు. బావకి చూపు తగ్గింది. పొద్దు వాలితే చాలు, ఎదురుగా గోడున్నా కనపడేది కాదు. ఆపరేషనన్నారు. డాక్టరు మొహం మీదే చెప్పేశాడు, "వస్తే వస్తుంది, లేదంటే ఉన్న కాస్తా పోతుంది" అని. ఇంకో రెండు రోజుల్లో ఆపరేషననగా ఈయన ప్రెస్సులో అందర్నీ పిలిచి, "నేనింతవరకూ సముద్రం చూళ్ళేదర్రా, రేపు సెలవు, నడిచి వెళ్దాం" అన్నాడు. అక్క లబోదిబోమంది. "బస్సుంది కదా, నడకేమిటి, ఖర్మ" అని. ఈయన వింటేనా? "బస్సెక్కితే నిద్రపోతాను. ఒక్కో అడుగూ చూసుకుంటూ పోవాలి" అన్నాడు. బైండరు మామ పుస్తకాల అట్టలకి వాడే గుడ్డతో అందరికీ వీపు సంచులు కుట్టాడు. ప్రూఫులు చూసే అక్కయ్య కూడా వచ్చింది. దారిలో ప్రతి బోర్డూ ఆగి చదివి, "ఇక్కడ దీర్ఘం పోయింది" అనేది. ఆవిడతో నడిస్తే ఏ ఊరూ చేరం.

దారి బావే గీశాడు, తాలూకాఫీసు గోడ మీద మ్యాపు చూసి. పేర్లేం రాయలేదు, గీతలూ చుక్కలూ, అంతే. తెల్లారకుండానే కోట గుమ్మం దాటాం. అప్పటిదాకా తిన్నటి దారే, మధ్యాహ్నానికి కాలవ రెండుగా చీలే చోటికొచ్చాం. అక్కడ ఇటుకల బట్టీ ఉంది, దాని పొగగొట్టం కుడి పక్కన ఉంది. బావ కాగితంలో బట్టీ చుక్క ఎడమ పక్కన ఉంది. నాకు చప్పున వెలిగింది. అలవాటైన చెయ్యి కదా, మ్యాపంతా తిరగేసి గీసేసింది. కుడికి వెళ్ళాల్సిన చోట ఎడమకి తీసుకెళ్తున్నాడు.

చెప్పాలా వద్దా? అప్పటికే మా ఓనరు, "కళ్ళు పోయినవాణ్ణి ఏం చేసుకోను" అని గొణుగుతున్నాడు. ఇప్పుడు తప్పంటే అందరూ ఆయన కళ్ళనే అంటారు. నోరు మూసుకున్నాను. ముందు ఎవరైనా కనిపిస్తే వాళ్ళే చెప్తారులే అనుకున్నాను. ఆ గట్టు మీద పిట్ట కూడా లేదు. గంటన్నర నడిచాక, వెనక ఉండాల్సిన మా కోట బురుజు ఎదురుగా అల్లంత దూరాన కనపడింది. బైండరు మామ నేల మీద కూలబడ్డాడు. బావ కాగితాన్ని వెనక్కి తిప్పి ఎండకి పెట్టి చూసి, "ఛీ, నా బతుకు, దీన్ని అచ్చేసుకుని రావాల్సింది" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఆ తర్వాత పరుగే. బావ సంచి కూడా నేనే మోశాను. ఎంత పరిగెత్తితే మాత్రం, పొద్దు ఆగుతుందా? ఇసకలోకి వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. మాకు సముద్రం కనపడుతూనే ఉంది, ఆయనకే లేదు. నా మోచెయ్యి పట్టుకుని నీళ్ళల్లో మోకాళ్ళ దాకా నిలబడి, "ఎంత దూరముందిరా?" అన్నాడు. "కనుచూపు మేర ఉంది బావా" అన్నాను. నాలిక కరుచుకున్నాను. ఆపరేషను కలిసి రాలేదు. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు, చీకట్లోనే.

పోయే ముందు ఒకసారి, మంచం పక్కన కూర్చుని గోళ్ళు తీస్తున్నాను ఆయనకి. ఉన్నట్టుండి, "ఆ బట్టీ దగ్గరే నీకు తెలిసింది కదరా" అన్నాడు. "తెలిసింది బావా. నీ కళ్ళని అంటారని చెప్పలేదు" అన్నాను. తిడతాడనుకున్నాను. తడుముకుని నా తల మీద చెయ్యి వేశాడు. "అననిస్తే ఏం పోయేదిరా పిచ్చోడా" అన్నాడు, "చూసేవాణ్ణి కదా."

... ఆ, ఏం లేదు. తలుపెవరో కొడుతున్నారు, చూడు.