మామగారి పేరే తాళం

నారిన్ పట్నంలో ఒక ఫ్లాటు. బయట మంచు పడుతున్న మధ్యాహ్నం. ఆ ఇంటి పెద్దావిడ బురుల్ అపా, నెట్ కంపెనీ నుంచి వచ్చిన తెలిసిన కుర్రాడు మెదెర్.

"పద్నాలుగు ఫోన్లా! అపా, ఈ ఇంట్లో మీరొక్కరే కదా ఉండేది?"

"ఒక్కదాన్నే. ముందు టీ తాగు, చల్లారిపోతోంది."

"తాగుతాను, తాగుతాను. మీ వైఫై పట్టుకుని పద్నాలుగు ఫోన్లు వేలాడుతున్నాయి. అందులో ఎవడో లేని గొర్రెల్ని అమ్ముతానని జనాన్ని ముంచాడు. ఫిర్యాదేమో మీ పేరు మీద వచ్చింది. ఇవాళ గట్టి తాళం వెయ్యకపోతే రేపు మావాళ్ళు లైను కట్ చేసేస్తారు."

"అమ్మో, చెయ్యకూడదు! నెట్టు లేకపోతే నేను... చెయ్యకూడదంతే!"

"మరి పాస్‌వర్డ్ ఎవరికి చెప్పారు?"

"ఒట్టు, ఎవరికీ చెప్పలేదు. నా నోట రాదసలు."

"రాకపోవడమేంటి?"

"మా మామగారి పేరు పెట్టారు మా ఆయన. కోడల్ని, ఆ పేరు ఎలా పలుకుతాను? నలభై ఏళ్ళుగా పలకలేదు. 'నీ నోట రాదు కాబట్టి ఇంతకు మించిన తాళం లేదే' అని ఒకటే నవ్వు ఆయన."

"పోనీ, ఎవరైనా అడిగారా?"

"పై అంతస్తు పిల్ల అడిగింది. పరీక్షలట, పాపం. 'నేను చెప్పలేనమ్మా, అది నేను పలక్కూడని పేరు' అన్నాను."

"అన్నారా!"

"అన్నాను. ఏం, తప్పా?"

"అయ్యో అపా! జుమాదిల్ తాత పేరు ఈ బిల్డింగులో తెలియనిదెవరికి?"

"ష్! మెల్లగా. గోడ మీద ఆయన ఫొటో ఉంది."

"చెప్పనంటూనే మొత్తం చెప్పేశారు. సరే, కొత్తది పెట్టేద్దాం."

"కొత్తదా? కొత్తది వద్దు. పాతదే ఉంచి వాళ్ళని తరిమెయ్యలేవా?"

"పాతదెందుకు?"

"బోర్సోక్ తిను. నీకోసమే వేయించాను. కూర్చో, కంగారేముంది?"

"మాట మార్చకండి. ఆగండాగండి... ఈ ఫోన్ చూడండి. అన్నిటికంటే దగ్గర్లో ఉంది. రాత్రనక పగలనక అంటిపెట్టుకునే ఉంది. దొంగ మీ వంటింట్లోనే ఉన్నట్టున్నాడు! ముందు వీణ్ణి పీకేస్తే..."

"వద్దు! చెయ్యి తియ్యి! దాన్ని ముట్టుకోకు!"

"ఏంటి? ఏమైంది?"

"అది ఆయన ఫోను."

"ఆయన... పోయి రెండేళ్ళు కావస్తోంది కదా?"

"మార్చి వస్తే రెండేళ్ళు. ఛార్జింగు తియ్యకుండా అలాగే ఉంచాను."

"దానిదేముంది, అందులో కూడా కొత్త పాస్‌వర్డ్ నేనే కొట్టి పెడతాను. ఇలా ఇవ్వండి."

"దానికీ తాళమే. ఆ అంకెలు చెప్పకుండానే వెళ్ళిపోయారు. సిమ్ము కూడా ఆగిపోయింది. పాత పాస్‌వర్డ్ మారిందంటే అది ఇంకెప్పటికీ కలవదు. అవునా, కాదా?"

"అవును. కానీ అపా, తెరుచుకోని ఫోన్‌తో మీకేం పని?"

"పొద్దున్నే ఆయనకి రాస్తాను. మంచు పడుతోందనో, మోకాలు లాగుతోందనో. రాయగానే నా ఫోన్లో రెండు టిక్కులు పడతాయి. వంటింట్లోంచి టింగుమంటుంది. అంతే. ఈ ఇంట్లో ఇంకో చప్పుడు లేదు నాయనా. ఒక్క టిక్కే పడి ఆగిపోయిందనుకో, నేను తట్టుకోలేను."

"సరే అపా, దాన్ని పీకను లెండి."

"వెర్రిదాన్ననుకుంటున్నావు కదూ?"

"లేదు. మా అమ్మ గుర్తొచ్చింది. ఇంకో దారి ఉందపా. పాస్‌వర్డ్ అదే ఉంచుతాను. కానీ మీ ఇద్దరి ఫోన్లనే రానివ్వమని ఈ పెట్టెకి చెప్తాను. మిగతా పన్నెండూ బయటికే. పేరు తెలిసినా లోపలికి రాలేరు."

"పై అంతస్తు పిల్ల కూడానా?"

"ఆ అమ్మాయి కూడా."

"నెట్టు సరిగ్గా రానప్పుడల్లా వచ్చి తలుపు కొట్టేది. ఇంత టీ తాగి వెళ్ళేది."

"మరి లైను కావాలంటే తప్పదు."

"కానియ్యి, కానియ్యి."

"అయిపోయింది. ఒకటి పంపి చూడండి... ఆఁ, టింగుమంది! రెండు టిక్కులు పడ్డాయి. ఏం రాశారు?"

"'అందరూ వెళ్ళిపోయారు. ఇక మనిద్దరమే' అని."