అక్క పక్కన నడక

అధ్యక్షత వహిస్తున్న పెద్ద డాక్టరుగారికీ, వేదిక మీది పెద్దలకూ, నాలాగే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఈ ఆస్పత్రి వరండాలో మళ్లీ నడక నేర్చుకున్న తోటివాళ్లకూ నమస్కారం. వాక్యం మధ్యలో ఆగితే మర్చిపోయాననుకోకండి, ఊపిరి తీసుకుంటున్నాను. (నవ్వులు)

ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మన ఫిజియోథెరపిస్టును మనమెవరమూ ఆ మాటతో పిలవలేదు. నోరు తిరగక కాదు, అంత పొడుగు మాటకు ఊపిరి చాలక. అక్కా అన్నాం, సరిపోయింది. వ్యాయామమంటే ఏ బరువులు ఎత్తిస్తారోనని బెదురుతూ వచ్చిన నన్ను, పక్కన నడుస్తూ, మీ అత్తగారెలాంటివారని అడిగారు. అత్తగారి గురించి చెప్పుకోవడానికి ఊపిరి మిగలని వేగం ఒంటికి మంచిది కాదని ఆవిడ సిద్ధాంతం. మనతోపాటు నడక నేర్చుకున్న బస్సు డ్రైవరన్న, అదిగో తల దించుకుంటున్నాడు, ఏమడిగినా ‘ఆ’, ‘ఊ’ అంటూ లాగించేసేవాడు. ఒకరోజు అక్క కుర్చీ లాగి, “దాస్తున్నది మాటలనా, ఆయాసాన్నా? ముందు కూర్చో” అన్నారు.

నేను వడిగా నడిచేదాన్ని. కాలేజీలో మూడో అంతస్తుకు మెట్లెక్కుతూనే పాఠం మొదలుపెడితే పిల్లలు వెనకబడేవాళ్లు. ఆ నడక నాకిప్పటికీ కావాలి. పోయిన మనిషిని తలుచుకున్నట్టు తలుచుకుంటాను దాన్ని. మళ్లీ వస్తుందా అని అడిగితే అక్క వస్తుందనలేదు, రాదనీ అనలేదు. “నాకు తెలియదమ్మా. ఇవాళ్టి ఊపిరికి ఇవాళ్టి నడక. జ్వరముంటే అదీ వద్దు” అన్నారు.

రేపటి నుంచి పక్కన ఆవిడ ఉండరు. ఎక్కడ ఆగాలో నాకు తెలుస్తుందా? ఛాతీలో నొప్పి వస్తే, తల తిరిగితే ఆగాలని తెలుసు. కానీ తెలియడం వేరు, ఇంకొంచెం వెళ్లాలని ప్రాణం లాగుతున్నప్పుడు ఆగడం వేరు. మొన్న ఈ భయం చెప్పుకుంటే, “నిన్ను నేనెప్పుడైనా ఆపానా? మాట తెగగానే నువ్వే ఆగేదానివి. నేను నీతోపాటు నిలబడేదాన్ని, అంతే” అన్నారు. నిజమేనేమో. నాకింకా పూర్తిగా నమ్మకం కుదరలేదు.

(కాస్త ఆగి) ఆ మాటతోనే ఒకటి తట్టింది. ఇన్నేళ్లూ అక్క మా నడకే నడిచారు. ఆవిడ సొంత నడక ఎలా ఉంటుందో మాలో ఎవరమూ చూడలేదు.

అక్కా, సభ ముగిశాక ఈ వరండా చివరిదాకా, ఎవరి కోసమూ తగ్గకుండా, మీ వేగంతో మీరు నడిచి వెళ్లండి. మేం వెంట రాము. కూర్చుని, కళ్లారా చూస్తాం.

ఓపిగ్గా విన్న అందరికీ కృతజ్ఞతలు. సెలవు.